పండుగ రాని ఉపవాసం

"ఇవాళ బుధవారం కదా," అంది ఇలింకా.

బల్ల దగ్గర చెంచాల చప్పుడు ఆగిపోయింది.

ఆ పిల్ల ముందు గొర్రెమాంసం వేసి కాచిన పులుసు పొగలు కక్కుతోంది. పక్కన రొట్టె ముక్క. ఆ పక్కన నానమ్మ ఒలిచిపెట్టిన పండుగ గుడ్డు, తెల్లసొన మీద అక్కడక్కడా ఎర్ర రంగు దిగిన మరకలతో. పదహారేళ్ల ఇలింకా ఆ మూడింటికీ చెయ్యి అందనంత దూరంగా కుర్చీ జరుపుకుని, అరచేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సెలైన్ సూది తీసిన చోట చెయ్యి నల్లగా కమిలి ఉంది.

"ఇది ఈస్టరు పండుగ వారం తల్లీ," అంది సవేతా, ఇలింకా నాన్న దొరీన్‌కి తల్లి. "ఈ వారంలో బుధవారం ఉపవాసమూ లేదు, శుక్రవారం ఉపవాసమూ లేదు. అన్నీ తినొచ్చు. నీకు చిన్నప్పట్నుంచీ తెలిసిందేగా."

"నేను మొక్కుకున్నాను నానమ్మా."

"ఏమని?"

"పీటర్ పాల్ పండుగ దాకా మాంసం, పాలు, గుడ్డు, నూనె ముట్టనని."

అంటే జూన్ ఆఖరు దాకా. ఇలింకా తల్లి ఒతీలియా మనసులోనే లెక్క వేసుకుంది. ఇప్పుడు ఏప్రిల్ సగమే అయింది.

నిన్న సాయంత్రం ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు డాక్టరమ్మ చెప్పినవి పెద్ద షరతులేం కావు. మూడు పూటలా, వేళకి, ఇంటిల్లిపాదీ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే వంట తినాలి. తిన్నాక అరగంట దాకా పిల్లని ఒంటరిగా వదలకూడదు. ఇది మంచి తిండి, అది చెడ్డ తిండి అనే మాట ఇంట్లో వినబడకూడదు. బరువు చూసుకునే మిషను గుమ్మం దాటిపోవాలి. శుక్రవారం పొద్దున తను మళ్లీ చూస్తుంది. అప్పటికీ పిల్ల తినడం మొదలుపెట్టకపోతే, గుండె ఇలాగే నెమ్మదిగా కొట్టుకుంటుంటే, యాష్ నగరానికి పంపక తప్పదు. అక్కడ ముక్కులోంచి గొట్టం వేసి పోస్తారు. ఎన్నాళ్లన్నది ఎవరూ చెప్పలేరు.

"మొక్కూ లేదు గిక్కూ లేదు," అన్నాడు దొరీన్. "తిను."

ఇలింకా కదల్లేదు. దొరీన్ రంపపు మిల్లులో పనిచేసే మనిషి. దుంగ ఎంత మొండిదైనా పళ్లచక్రం ముందు ఎంతసేపు నిలుస్తుందో అతనికి తెలుసు. మాటలు కూడదీసుకోవడం మాత్రం రాదు. మెల్లగా అడిగాడు, బతిమాలాడు, పులుసులో చెంచా ముంచి తనే నోటి దాకా తీసుకెళ్లాడు. పిల్ల పెదవులు బిగించుకుని తలుపు వైపు చూసింది. చెంచాలోది బల్లగుడ్డ మీద ఒలికింది.

అప్పుడతను తల్లి వైపు తిరిగాడు.

"ఇదంతా నీ చలవేనమ్మా."

సవేతా ఏమిటన్నట్టు చూసింది.

"ఏడు వారాలు. ఉప్పునీళ్లలో ఉడకేసిన బంగాళాదుంపలతో గడిపేస్తోందని ఫాదరు గారికి చెప్పుకున్నావు, పక్కింటి వాళ్లకి చెప్పుకున్నావు. మా ఇలింకా సన్యాసినుల మఠంలో పుట్టాల్సిందని మురిసిపోయావు. ఇదిగో, పుట్టుక సంగతేమో గానీ పోవడానికి సిద్ధంగా ఉంది."

"దొరీన్," అంది ఒతీలియా.

సవేతా చూపు బల్ల మీద ఒలికిన పులుసు మరక మీదే ఉంది. డెబ్భై రెండేళ్లలో ఆవిడ, ఈ పండుగకి ముందు ఏడు వారాలు చేసే పెద్ద ఉపవాసం ఒక్కటీ తప్పలేదు. మనవరాలు ఈ యేడు తొలిసారి, ఎవరూ చెప్పకుండానే, మొదటి రోజు నుంచీ పాటిస్తానంటే ఆవిడ తన పెట్టెలోంచి ఊలు శాలువా తీసి ఆ పిల్ల భుజాల మీద కప్పింది. వారాలు గడిచేకొద్దీ ఆ శాలువా పిల్ల మీద నిలవకుండా జారిపోతుండేది. భక్తికి ఒళ్లు తేలికవుతుందని ఆవిడ నిజంగానే నమ్మింది.

క్రీస్తుని సిలువ వేసిన పెద్ద శుక్రవారం నాడు గుళ్లో జరిగింది ఆ ఇంట్లో ఎవరూ తిరిగి మాట్లాడుకోలేదు. క్రీస్తు దేహం బొమ్మ కుట్టిన పట్టుగుడ్డ పరిచిన బల్ల కింద నుంచి అందరూ మూడుసార్లు మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్తున్నారు. ఇలింకా రెండుసార్లు వెళ్లింది. మూడోసారి వెళ్లి, నుదురు నేలకానించి, అలాగే ఉండిపోయింది. వెనక వరుస ఆగింది. ఎవరో ఆడవాళ్లు, ఎంత సేపు ప్రార్థిస్తోందో చూడండని గుసగుసగా అనుకున్నారు. గుడి పనివాడు వంగి లేపబోతే సవేతా అతని చెయ్యి పట్టుకుని ఆపింది. పిల్లని దేవుడితో మాట్లాడుకోనివ్వమంది. కొవ్వొత్తి ఒకటి సగం దాకా కరిగింది. ఆ తర్వాతే ఒతీలియాకి అనుమానమొచ్చి, వంగి, కూతురి చేతిని తాకింది. ఆ చెయ్యి చల్లటి రాయిలా ఉంది.

ఆ కొవ్వొత్తి కరిగిన సమయం ఇప్పుడు కొడుకు కళ్లల్లో ఉంది. సవేతాకి అది కనబడుతోంది.

"నువ్వన్నది నిజమే కావచ్చు," అందావిడ చివరికి. గిన్నెలు పక్కకి జరిపి లేచి, తలకి రుమాలు కట్టుకుంది. మొక్కు విడిపించడం తన చేతుల్లో లేదు కాబట్టి, అది ఎవరి చేతుల్లో ఉందో వాళ్లనే తీసుకొస్తానని బయల్దేరింది.

ఒతీలియా లేచి ఆపలేదు. ఆమె పళ్లెంలో రొట్టె ముక్క చిన్న చిన్న తునకలుగా చిదిమి ఉంది. ఎప్పుడు చిదిమిందో ఆమెకే గుర్తులేదు. ఒక్క తునకా నోట్లోకి పోలేదు. తలెత్తేసరికి ఇలింకా ఆ తునకలనే చూస్తోంది.

తల్లీ కూతుళ్ల చూపులు కలిశాయి. ముందు తల దించుకున్నది తల్లే.

దొరీన్ తల్లిని నిందించినంత సేపూ ఒతీలియా నాలుక మీద ఒక మాట ఆగి ఉంది. అది బయటికి రాలేదు. రానిచ్చి ఉంటే ఆ నింద సగమైనా ఇటు తిరిగేది.

* * *

ఫాదర్ విస్సారియోన్ నాలుగింటికి వచ్చాడు. ద్రాక్షతీగలు కత్తిరిస్తున్నవాడు అలాగే లేచి వచ్చాడు కాబోలు, అంగీ అంచున గడ్డి అంటుకుని ఉంది. "క్రీస్తు లేచెను" అన్నాడు గుమ్మంలో, పండుగ పలకరింపుగా. "నిజంగా లేచెను" అన్నారు అందరూ. ఇలింకా కూడా పెదవులు కదిపింది.

ముందు గదిలోకి రమ్మంటే ఆయన వంటగదే బావుందన్నాడు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, ఏముందని అడిగాడు. సవేతా మొక్కజొన్న సంకటి, జున్ను, కాస్త మీగడ పెట్టింది. ఆయన తీరిగ్గా, మాటల్లో పడి మర్చిపోకుండా, పళ్లెం ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. రుచిగా ఉందన్నాడు. ఇంకాస్త వెయ్యమన్నాడు. ఒతీలియా ఆయన నోటి వైపే చూస్తుండిపోయింది. తింటూ అంత నిశ్చింతగా ఉన్న మనిషిని దగ్గరగా చూసి ఎన్నేళ్లయిందో.

చెయ్యి తుడుచుకున్నాక ఆయన ఇలింకాని అడిగాడు, మొక్కు ఎవరి దీవెనతో మొక్కావని. ఎవరూ లేరంది.

"అయితే అది మొక్కు కాదు తల్లీ. ఒకవేళ మొక్కే అయినా ఇదిగో, ఇప్పుడే తీసేశాను. నీ మీద ఇంకేమీ లేదు."

ఇలింకా చూపు ఆయన ఖాళీ పళ్లెం మీదే ఉంది.

"ఇంకో మాట. పెద్ద ఉపవాసం మనం ఎందుకు చేస్తాం? చివర పండుగ ఉంది కాబట్టి. పండుగ వచ్చి గుమ్మంలో నిలబడ్డా విడవనిది ఉపవాసం కాదు. అదేదో వేరే. దానికి నేను వైద్యుణ్ని కాను, డాక్టరమ్మ చెప్పింది విను. నీకు నేను వేసే శిక్ష అంటూ ఉంటే అది ఒకటే. నీ బల్ల మీద పెట్టింది తిను. నీకు సయించినంత, ఆకలి తీరినంత. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

సవేతా కళ్లు తుడుచుకుంది. ఇంక అడ్డేముంది, దేవుడి వైపు నుంచి దారి తెరుచుకుంది అన్నట్టు మనవరాలి భుజం మీద చెయ్యి వేసింది.

ఇలింకా ఆ చేతిని మెల్లగా తీసి పక్కన పెట్టింది.

"మొక్కు లేదు ఫాదర్," అంది. "ఎప్పుడూ లేదు."

ఎవరూ అడక్కపోయినా ఆ పిల్ల చెప్పుకుపోయింది, వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు. జనవరిలో మొదలైందట. మొదట్లో మధ్యాహ్నం డబ్బా స్కూల్లో పారేసేదట. ఇంట్లో రోజుకో అబద్ధం చెప్పాల్సి వచ్చేదట. కడుపునొప్పి, తలనొప్పి, స్నేహితురాలింట్లో తిన్నాను. అబద్ధాలు అయిపోతున్న సమయానికి పెద్ద ఉపవాసం వచ్చింది.

"ఉపవాసం అంటే ఎవ్వరూ ఎందుకని అడగరు. పైగా మెచ్చుకుంటారు. నానమ్మ శాలువా ఇచ్చింది."

"ఇలింకా," అన్నాడు దొరీన్.

"చెప్పనీ నాన్నా. నానమ్మా, ఆ రోజు బల్ల కింద నేను ప్రార్థన చెయ్యలేదు. లేవలేకపోయాను. నీ బూట్లు కనబడుతున్నాయి నాకు. ఆ నల్లవి, పక్కన కుట్టు వేయించుకున్నావే, అవి. నిన్ను పిలుద్దామనుకున్నాను. గొంతు రాలేదు."

సవేతా ముఖంలో ఏ మార్పూ లేదు. పొయ్యి దగ్గరికి వెళ్లి, ఫాదరు గారికి కాఫీ పెట్టడానికి గిన్నెలో నీళ్లు పోసింది. నీళ్లు గిన్నె నిండి, పొర్లి, పొయ్యి మీదికి కారుతున్నా ఆవిడ కూజా వంచుతూనే ఉంది. ఒతీలియా వెళ్లి కూజా తీసుకుంది. ఆవిడ చేతులు విడిచిపెట్టాయి. అంతే, తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఫాదర్ విస్సారియోన్ వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఒతీలియాతో అన్నాడు, ముసలావిడని ఒంటరిగా వదలొద్దని. ఆయన కూడా పిల్లని గుళ్లో ముందు వరుసలో నిలబెట్టి నలుగురికీ చూపించినవాడే. ఆ మాట ఆయనే అన్నాడు, అని తలదించుకుని వెళ్లిపోయాడు.

రాత్రి భోజనానికి సవేతా రాలేదు. ఇలింకా రెండు చెంచాల సంకటి తిని చాలంది. రెండు చెంచాలే అయినా దొరీన్ ముఖంలోకి కాస్త కళ వచ్చింది. వెంటనే ఆ పిల్ల ఒక సంగతి అడిగింది.

"అమ్మ తినదేం?"

"తింటోందిగా," అన్నాడు దొరీన్, భార్య పళ్లెం వైపు చూడకుండానే.

* * *

గురువారం పొద్దున సవేతా సంచి సర్దుకుంది.

చెల్లెలు ఎవ్‌దోకియా ఇంటికి వెళ్తానంది. ఎన్నాళ్లో చెప్పలేదు. తను ఎదురుగా కూర్చుంటే పిల్ల గొంతులో ముద్ద దిగదని, తన ముఖం చూసినప్పుడల్లా ఆ పిల్లకి బల్ల కింద నేలే గుర్తొస్తుందని, దించేసి రమ్మని కొడుకుని అడిగింది. దొరీన్ వద్దనలేదు. నిన్నటి మాట వెనక్కి తీసుకోవడం అతనికి చేతకాదు. మిల్లుకి సెలవు చెప్పి, కారు బయటికి తీసి, గేటు దగ్గర పెట్టి, బోనెట్ తెరిచి అక్కర్లేని పని ఏదో చేస్తున్నాడు.

మధ్యాహ్నానికి వంటగదిలో తల్లీ కూతుళ్లే మిగిలారు.

ఒతీలియా అదే పులుసు వేడి చేసింది. పండుగకి అత్తగారు చేసిన పాస్కా రొట్టె, నడుమ తియ్యటి జున్నుతో, రెండు ముక్కలు కోసి చెరో పళ్లెంలో పెట్టింది. రేపు ఈ పాటికి డాక్టరమ్మ చూసేసి ఉంటుంది. రేపు ఈ పాటికి పిల్ల ఇంట్లో ఉంటుందో, యాష్ దారిలో ఉంటుందో.

"ముందు నువ్వు తిను," అంది ఇలింకా.

"ఇద్దరం తిందాం."

"కాదు. నువ్వు ముందు. నేను చూడాలి."

ఒతీలియా రొట్టె అందుకుంది. పదకొండేళ్లయింది ఆమె పాస్కా తిని. రొట్టెలు, పిండివంటలు, జున్ను, అన్నీ తన చేతుల మీదుగానే అందరికీ వెళ్తాయి. తను మాత్రం పొయ్యి పక్కన నిలబడి యాపిల్ ముక్క కొరుక్కుంటూ, నల్లకాఫీ తాగుతూ, ఇప్పుడే తిన్నాననో తర్వాత తింటాననో అంటుంది. ఆమె పనిచేసే మందుల షాపులో ఆడవాళ్లు, ఈ వయసులో కూడా నడుం అలా ఎలా ఉంచావమ్మా అని అడుగుతుంటారు. ఆమె నవ్వి, సన్నబడే టీ పొట్లం తీసిస్తుంది. అది పనిచేయదని ఆమెకు తెలుసు. పనిచేసేది ఏమిటో ఎవరికీ చెప్పలేదు.

మొదటి ముక్క కొరికింది. జున్ను నాలుక మీద కరిగింది. నిమ్మతొక్క వాసన. ఎంత బావుందో. బావుండటమే ఆమెను భయపెట్టింది. నమలడం ఆపితే ఇలింకా చూస్తుంది. నమిలింది, మింగింది. మళ్లీ కొరికింది. నుదుటి మీద చెమట పట్టింది. ఏప్రిల్ గాలి కిటికీలోంచి చల్లగానే వస్తోంది.

ముక్క అంతా తినేసింది. పొడి కూడా వేలితో అద్దుకుని తింది.

ఇలింకా చెంచా తీసుకుంది. పులుసులో ముంచింది. చెంచా నోటి దాకా వెళ్లింది.

"తిన్నాక అలా నది ఒడ్డు దాకా నడిచొద్దాం, ఏం?" అంది ఒతీలియా.

అలవాటైన మాట. అది నోటి వెంట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. చెంచా అక్కడే ఆగింది. మెల్లగా కిందికి దిగింది.

"ఎందుకు?" అంది ఇలింకా.

"ఊరికే. గాలికి."

"ఒక్క ముక్క తిన్నందుకు నడవాలా?"

ఒతీలియా జవాబు వెతుక్కుంది. అరిగిపోతుందని చెప్పొచ్చు, ఎండ బావుందని చెప్పొచ్చు. పదకొండేళ్ల నుంచి ఆమె దగ్గర జవాబులకేం కరువు లేదు. కూతురి మెడ దగ్గర ఎముకలు చూస్తుంటే ఒక్కటీ పైకి రాలేదు.

"భయమేస్తోంది," అంది.

"దేనికి?"

"తెలీదు. తిన్నందుకు."

ఇలింకా తల్లిని చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటేనే నయమనిపించింది ఒతీలియాకి.

"నాక్కూడా," అంది పిల్ల. "అది ఎప్పుడు పోతుందమ్మా?"

"నాకింకా పోలేదే."

వీధిలో బోనెట్ మూసిన చప్పుడు వినబడింది. నడవలో సవేతా సంచి ఈడ్చుకుంటూ నడుస్తోంది. ఆ బూట్ల శబ్దం ఇద్దరికీ తెలుసు.

"నానమ్మ ఎందుకు వెళ్లిపోతోంది?" అంది ఇలింకా.

"తన వల్లే ఇదంతా అయిందనుకుంటోంది."

"నీకు తెలుసుగా, కాదని."

ఒతీలియా బల్లగుడ్డ అంచు మడతపెట్టింది. విప్పింది. మళ్లీ మడతపెట్టింది.

"పిన్ని పెళ్లికి గౌను కుట్టించావు గుర్తుందా," అంది ఇలింకా. గొంతు పెంచలేదు. "ఫిబ్రవరిలో. కుట్టుపని ఆంటీ వాళ్ల అద్దం ముందు. నువ్వు వెనక జిప్పు వేశావు. అది సులువుగా పైకి వెళ్లిపోయింది. అప్పుడు నువ్వేమన్నావు?"

"ఇలింకా."

"ఏమన్నావమ్మా?"

ఆమెకు ఒక్క అక్షరం మర్చిపోకుండా గుర్తుంది. ఆసుపత్రి బెంచీ మీద నాలుగు పగళ్లూ అదే మాట వింటూ కూర్చుంది. ఆ రోజు అద్దంలో కూతురి నడుం చూసి ఆమె సంతోషపడింది. అబద్ధం ఎందుకు, గర్వపడింది. ఇప్పుడు ఎంత బావున్నావో చూడు, ఇలాగే ఉండు అంది. అని బుగ్గ మీద ముద్దు పెట్టింది. పిల్ల బుగ్గ అప్పటికే లోతుకి పోయి ఉంది. ఆ లోతు పెదవులకి తగిలింది కూడా.

"నాన్న అరుస్తుంటే నువ్వు అక్కడే కూర్చున్నావు," అంది ఇలింకా. "నానమ్మని అంటుంటే."

కారు తలుపు తెరుచుకుంది.

డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది, భోజనం మధ్యలో పిల్లని వదిలి లేవొద్దని. ఒతీలియా గిన్నె వైపు చూసింది. పులుసు నిండుగా ఉంది. పాస్కా ముక్క తాకకుండా ఉంది. లేస్తే ఈ పూట పోయినట్టే. రేపటికి ఇంక మిగిలేది ఈ సాయంత్రం ఒక్కటే. కూర్చుంటే సవేతా వెళ్లిపోతుంది, చేయని తప్పు కూడా సంచిలో సర్దుకుని.

"ఇప్పుడే వస్తాను," అంది. "తింటూండు."

ఇలింకా చూపు గిన్నె మీదికి దిగింది.

గేటు దగ్గర సవేతా కారులో ఒక కాలు పెట్టి, చెయ్యి తలుపు మీద ఆనించి ఊపిరి తీసుకుంటోంది. దొరీన్ సంచి వెనక సీటులో పెడుతున్నాడు. ఒతీలియా వంటింటి చెప్పులతోనే వచ్చింది.

"అత్తయ్యా, ఆగండి. ఒక మాట చెప్పాలి."

సవేతా ఆగింది. దొరీన్ కూడా సంచి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఒతీలియా అద్దం సంగతి చెప్పింది. జిప్పు సంగతి, ముద్దు సంగతి చెప్పింది. పిల్ల జనవరి నుంచి సన్నబడుతోందని తనకి కనబడుతూనే ఉందని, కనబడి కూడా అది బావుందనుకున్నానని చెప్పింది. నిన్న బల్ల దగ్గర ఆ మాట నోట్లో పెట్టుకునే ఊరుకున్నానంది. చెబుతున్నంత సేపూ భర్త ముఖం వైపు చూడలేదు.

దొరీన్ సంచి నేల మీద పెట్టాడు. ఏదో అనబోయి, భార్యని తల నుంచి పాదాల దాకా ఒకసారి చూశాడు. ఆమె మణికట్లు అతను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. ప్రహరీ దాకా నడిచి, అటు తిరిగి నిలబడ్డాడు.

"నాకు తెలుసు," అంది సవేతా.

"ఏది అత్తయ్యా?"

"అద్దం సంగతి కాదు. నువ్వు. పదకొండేళ్ల నుంచి నా పొయ్యి పక్కన నిలబడి తింటున్నావు. తింటున్నానని అంటున్నావు. నేను ముసలిదాన్నేగానీ గుడ్డిదాన్ని కాదు." ఆవిడ కాలు కారులోంచి కిందికి తీసింది. "కోడలు నాజూకుగా ఉందని ఊరంతా అంటుంటే నాకూ బాగానే ఉండేది. ఒక్కనాడు కూర్చోమని కుర్చీ లాగలేదు నీకు. అది కూడా నా లెక్కలోనే వేసుకో."

ఒతీలియాకి ఏడుపు రాలేదు. వస్తే బావుండేది. ఆ ముసలావిడ చెయ్యి ఆమె మోచేతిని పట్టుకుంది. ఆసరా కోసం పట్టుకుందో, ఆసరాగా పట్టుకుందో తెలియకుండానే ఇద్దరూ అలాగే నిలబడ్డారు. ఎవరినీ ఎవరూ క్షమించలేదు. అంత తీరిక లేదు.

"పిల్ల దగ్గర ఎవరున్నారు?" అంది సవేతా ఉన్నట్టుండి.

ఇద్దరూ గబగబా లోపలికి నడిచారు.

వంటగదిలో కుర్చీ బల్ల కిందికి తోసి ఉంది. ఇలింకా గిన్నె ఖాళీగా ఉంది. అడుగున పులుసు తడి మాత్రం మిగిలింది. పళ్లెంలో పాస్కా లేదు. నాలుగు పలుకుల పొడి, పక్కన చెంచా.

సవేతా గబుక్కున సిలువ గుర్తు వేసుకుంది. గోడ పట్టుకుని, గుడ్ల నీళ్లు కుక్కుకుంటూ కోడలి వైపు తిరిగింది.

"తినేసింది. చూడు ఒతీలియా, మొత్తం తినేసింది."

ఒతీలియా గుమ్మంలోనే ఉండిపోయింది. గిన్నె అంత శుభ్రంగా ఎలా ఖాళీ చేయొచ్చో ఆ ఇంట్లో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. సింకు దగ్గర కుళాయి ఎంత సన్నగా తిప్పితే చప్పుడు రాదో తెలుసు. చెత్తబుట్టలో కాగితం కింద ఏం పెట్టొచ్చో తెలుసు. కిటికీలోంచి పడేసింది అందుకోవడానికి అవతల కుక్క గొలుసు ఎంత పొడవో తెలుసు. రెండడుగులు వేసి చెత్తబుట్ట మూత ఎత్తితే చాలు, తేలిపోతుంది. ఎత్తితే మాత్రం ఆ పిల్లకి ఇంకెప్పుడూ తల్లి ముఖం చూసి ఒక్క నిజం చెప్పబుద్ధి కాదు. ఎత్తకపోతే, రేపు పొద్దున డాక్టరమ్మ ముందు ఆ గుండె ఏం చెబుతుందో.

లోపలి గది తలుపు తెరుచుకుంది. ఇలింకా వచ్చి ఆ గుమ్మంలో నిలబడింది. పెదవులు తడిగా ఉన్నాయి. ముఖం కడుక్కుని వచ్చింది.

"తిన్నానమ్మా," అంది.

అని, తల్లి కళ్లు ఎటు వెళ్తాయోనని చూస్తూ నిలబడింది.